కాలం మారే వారాల్లోనే తోట చేజారుతుంది: పెరటి తోట పెంచుతున్న ఇద్దరికి నా జవాబు

మీరు రాసింది కుదించి చెప్పుకుంటే సంగతి ఇదీ. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ ఇంటి వెనక 20 అడుగులకి 15 అడుగుల నేలలో తోట మొదలుపెట్టారు. మీ దగ్గర చలి ఉంటుంది కానీ నీళ్ళు గడ్డకట్టేంత కాదు, తర్వాత గట్టి ఎండలు, ఆ తర్వాత వానలు. చలికాలంలో టమాటా విరగకాసింది, పాలకూర కోసినకొద్దీ వచ్చింది. ఎండలు ముదిరేసరికి టమాటా పూత రాలిపోయింది, పాలకూర పూతకొచ్చి పాడైంది. వానలు పడ్డాక కలుపు మోకాలెత్తు లేచింది, వంగ మొక్కలు పచ్చగా ఉండగానే ఒక్కొక్కటీ వాలిపోయాయి. ఇది కాక మీకూ మీవారికీ రెండు పేచీలు. ఒకటి, ఆయన నేలంతా కూరగాయలే అంటారు, మీకు పూలు కావాలి. రెండోది, నీళ్ళు ఎవరు పెట్టారన్న దాని మీద రోజూ వాదన. చివర్లో నిమ్మ మొక్క సంగతి అడిగారు. వీటన్నిటికీ మందుగా ఏ నెలలో ఏం నాటాలో ఒక పట్టిక ఇమ్మన్నారు.

పట్టిక ఇవ్వను. అలాంటివి ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, అన్నీ నాటే తేదీలే చెబుతాయి. మీకు నాటడం బాగానే వచ్చు. మీ తోట దెబ్బతిన్న సందర్భాలు ఒకసారి వరసగా చూసుకోండి: చలి పోయి ఎండ వచ్చేటప్పుడు ఒకటి, ఎండ పోయి వాన వచ్చేటప్పుడు ఒకటి. నడికాలంలో మీకేమీ కాలేదు. దాదాపు అందరి తోటలూ ఇలాగే, ఒక కాలం పోయి ఇంకోటి వచ్చే ఆ రెండు మూడు వారాల్లో చేజారతాయి. ఎందుకంటే వచ్చే కాలానికి చెయ్యాల్సిన పని ఈ కాలంలోనే ఉంటుంది. అప్పటికి తోట ఇంకా పచ్చగా, ఏ లోటూ లేనట్టు కనిపిస్తూ ఉంటుంది కాబట్టి ఎవరికీ ఆ పని తోచదు.

ముందు నేల కొలత. మీ మొత్తం స్థలం 300 చదరపు అడుగులు, అంటే సుమారు 28 చదరపు మీటర్లు. కూరగాయల మడికి వారానికి చదరపు మీటరుకి 25 లీటర్ల నీళ్ళు ఒక మోస్తరు లెక్క. మొత్తం నాటితే వారానికి 700 లీటర్లు, గట్టి ఎండల్లో ఇంకా ఎక్కువ. అంటే ఉద్యోగం నుంచి వచ్చాక రోజూ పది పదిలీటర్ల క్యాన్లు. ఇద్దరు ఉద్యోగస్తులు నెల రోజులు చేస్తారు, తర్వాత మానేస్తారు. అందుకని నేలెంత ఉందని కాకుండా, మీ ఇద్దరికీ కలిపి వారంలో ఎన్ని గంటలు మిగులుతాయో దాన్ని బట్టి మడులు వేసుకోండి.

మీకైతే నేను మూడు మడులు చెబుతాను. ఒక్కోటి 3 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, ప్రతి మడికీ రెండు పక్కలా అడుగున్నర దారి. మీ 15 అడుగుల వెడల్పులో ఇవి సరిగ్గా పడతాయి. 3 అడుగుల మడి అయితే ఏ పక్క కూర్చున్నా మధ్యకి చెయ్యి అందుతుంది, మట్టి మీద కాలు పెట్టాల్సిన పనుండదు. కాలు పడని మట్టి గుల్లగా ఉంటుంది, వానకి నీళ్ళు నిలవవు, ప్రతిసారీ లోతుగా తవ్వక్కర్లేదు. మూడూ కలిపి 10 చదరపు మీటర్లు, వారానికి 250 లీటర్లు. చివర మిగిలే 8 అడుగుల పొడవులో తీగలకి పందిరి, కంపోస్ట్ గుంట, మీ నిమ్మ మొక్క. దారుల్లో ఎండాకుల్నీ చెక్కపొట్టునీ మందంగా పరిచెయ్యండి, సగం కలుపు బాధ అక్కడే పోతుంది.

ఇప్పుడు నీళ్ళ పేచీ. ఇది మనస్తత్వాల గొడవలా రాశారు గానీ, చూస్తే పని పంచుకున్న పద్ధతిలో లోపం. నీళ్ళ పని ఇద్దరి చేతిలో ఉంటే రెండే జరుగుతాయి: ఒకరోజు ఇద్దరూ పోస్తారు, ఒకరోజు అవతలివాళ్ళు పోశారనుకుని ఇద్దరూ మానేస్తారు. మొక్క కాస్త ఎక్కువైనా కాస్త తక్కువైనా తట్టుకుంటుంది కానీ ఒకసారి బురద, ఒకసారి బీడు అంటే తట్టుకోలేదు. టమాటాల అడుగు నల్లబడి కుళ్ళిందని మధ్యలో ఒక మాట రాశారు, దానికి కారణం ఇదే. కాయ చివరికి కాల్షియం అందక అలా అవుతుంది. మట్టిలో కాల్షియం ఉన్నా నీళ్ళు సమంగా లేకపోతే మొక్క దాన్ని కాయ చివరి దాకా మొయ్యలేదు. గుడ్డు పెంకులు పొడి చేసి వెయ్యమని అందరూ చెబుతారు. పెంకులు మట్టిలో కరగడానికి చాలాకాలం పడుతుంది, ఈ కాపుకి అందవు. తడి సమంగా ఉంచండి, మడిమీద ఎండాకులు పరచండి, తర్వాతి గుత్తులు బాగానే వస్తాయి.

కాబట్టి నీళ్ళ పని ఒక్కరిదే. ఈ కాలమంతా మీదైతే మీదే, కాలం మారినప్పుడు మార్చుకోండి, మధ్యలో కాదు. పోసే ముందు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడాలి. లోపల తడి తగిలితే ఆ రోజుకి పని లేనట్టే. పోసినప్పుడు మాత్రం నిదానంగా, లోపలికి ఇంకేలా పొయ్యాలి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్ళు పైపైనే పాకుతాయి, ఒక్క గట్టి ఎండకి మాడిపోతాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఆకులు వాలితే కంగారు పడి పొయ్యకండి, సొర, గుమ్మడి లాంటి వెడల్పాకుల మొక్కలు నీళ్ళున్నా ఆ వేళకి వాలతాయి. పొద్దు వాలాక కూడా లేవకపోతే అప్పుడు దాహం.

రెండో మనిషికి నారు పోయడం, పురుగూ తెగులూ చూడటం. వారానికి రెండుసార్లు ఆకు తిప్పి చూడటమంటే చిన్న పనేం కాదు, అది ఒకే కన్ను చెయ్యాలి. పోయిన వారం ఈ ఆకు ఎలా ఉందో గుర్తున్నవాళ్ళకే తేడా తెలుస్తుంది. కాయలు కొయ్యడం ఇద్దరిదీ. కొమ్మలు కత్తిరించడం మాత్రం ఒకరిదే, అదీ రెండోవాళ్ళు లేనప్పుడు కాదు. మా ఇంట్లో కత్తెర నా దగ్గరే ఉంటుంది. మా ఆయన చేతికిస్తే గులాబీకీ గోరింటకీ ఒకటే క్షవరం. కుళాయి దగ్గర ఒక పలక వేలాడదీసి ఏ మడికి ఎప్పుడు నీళ్ళు పెట్టారో, ఏ విత్తు ఎప్పుడు వేశారో రాసుకుంటే చాలు, మీ వాదన సగం అక్కడే ఆగిపోతుంది.

ఇక కాలాలు. చలి వెళ్ళిపోతోందని క్యాలెండర్ చెప్పదు, రాత్రులు చెబుతాయి. టమాటా పిందె కట్టాలంటే రాత్రి చల్లగా ఉండాలి. రాత్రి వేడి 24 డిగ్రీలు దాటుతూ, పగలు 35 పైకి పోతుంటే పుప్పొడి సరిగా పనిచెయ్యదు, పూలు కాడతో సహా రాలిపోతాయి. మీకు జరిగింది అదే. అప్పుడు ఎరువు వేసి లాభం లేదు. నత్రజని ఎక్కువున్న ఎరువు వేస్తే ఆకు గుబురెక్కుతుంది, పూత మళ్ళీ రాలుతుంది. పాలకూర కూడా పగలు పొడుగయ్యీ వేడి పెరిగీ పూతకొస్తుంది, దాన్ని ఆపలేం.

చెయ్యగలిగింది దానికి ముందే ఉంది. రాత్రులు కాస్త వెచ్చబడటం మొదలవగానే, టమాటా ఇంకా కాస్తుండగానే, వాటి మధ్య ఖాళీల్లో బెండ, తోటకూర, గోరుచిక్కుడు గింజలు పెట్టెయ్యాలి. పందిరి దగ్గర సొర, బీర, కాకర పాదులు తియ్యాలి. వీటికి వేడే బలం, చల్లటి మట్టిలో అయితే బెండ గింజ మొలవక కుళ్ళిపోతుంది. ఎండ ముదిరేసరికి కొత్త మొక్కలు జానెడు లేచి ఉంటాయి, పాతవి పీకేస్తే చోటు వాటిదవుతుంది.

ఆ పీకడం దగ్గరే ఇద్దరికీ పడదు, ముందే చెబుతున్నాను. ఇంకా పది కాయలున్న మొక్కని తియ్యాలంటే ఒకరికి చెయ్యి రాదు. ఉంచితే ఏమవుతుందంటే, నీరసించిన మొక్క మీదే తెల్లదోమ, ఎర్రనల్లి చేరి పెరుగుతాయి, అక్కణ్ణుంచి పసిమొక్కలకి పాకుతాయి. పూత రాలడం మొదలై రెండు వారాలు దాటితే తీసెయ్యాలని ఇప్పుడే ఒప్పందం చేసుకోండి, పచ్చికాయలు లోపల పెడితే పండుతాయి. తెగులు లేని మొక్కని పీకకుండా నేల మట్టానికి కోసెయ్యండి. వేళ్ళు లోపలే చివికి మట్టిని గుల్ల చేస్తాయి.

ఎండ రాకముందే చెయ్యాల్సిన ఇంకో పని మట్టిని కప్పడం. ఎండాకులు, గడ్డి, ఏదైనా సరే రెండు మూడు అంగుళాల మందం. ముందు బాగా తడిపి, తర్వాత పరచాలి. పొడిమట్టి మీద పరిస్తే పైన పోసిన నీళ్ళు ఆకులే తాగేస్తాయి. కాండానికి ఆనించకుండా రెండు వేళ్ళ ఎడం ఉంచండి, ఆనితే మొదలు కుళ్ళుతుంది.

నడి ఎండాకాలంలో పెద్దగా చేసేదేం ఉండదు, పొద్దున్నే నీళ్ళు, కాయలు కొయ్యడం, అంతే. బెండకాయ రెండు రోజులకోసారి కొయ్యాలి. ఒక్కటి ముదిరిపోతే మొక్క విత్తనం మీద పడి కొత్త పూత తగ్గిస్తుంది, దోస కూడా అంతే. సొర పాదు పూస్తోంది కానీ కాయ లేదని ఎండల్లో చాలామంది అడుగుతారు, మీరూ అడుగుతారు. మొదట వచ్చేవన్నీ మగపూలే, అవి రాలిపోవడం సహజం. ఆడపువ్వు వెనక వేలెడు కూడా లేని బుల్లి కాయ నూగుతో ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. గుమ్మడి, దోస, కాకర పొద్దున విచ్చుకుంటాయి. తేనెటీగలు తిరిగే వేళకి సొరపూలు ముడుచుకునే ఉంటాయి కాబట్టి, చీకటి పడ్డాక వచ్చే రెక్కల పురుగులు మీ చుట్టుపక్కల లేకపోతే పిందెలు పసుపెక్కి రాలతాయి. పొద్దు గూకే వేళ ఒక మగపువ్వు తెంపి, రేకలు వెనక్కి ఒలిచి, మధ్యలో పొడి అంటుకున్న కాడని ఆడపువ్వు నడుమ మెల్లగా రుద్దండి. నాలుగైదు రోజుల్లో పిందె కిందికి బరువుగా వంగితే పట్టిందన్నమాట. ఉద్యోగం నుంచి వచ్చాక ఇద్దరూ కలిసి చేసుకునే పని ఇది, మీవారికి అప్పజెప్పి చూడండి.

ఎండ పోయి వాన వచ్చే సంధి. మీ వంగ మొక్కలు పోయింది ఇక్కడ. ఏడాది మొత్తంలో నేను ఎక్కువ జాగ్రత్త పడేది కూడా ఈ వారాల్లోనే.

వానలకి ముందు మూడు మడులూ చుట్టుపక్కల దారికన్నా కనీసం ఆరు అంగుళాలు ఎత్తుండాలి. దారుల్లోని పైమట్టి తీసి మడిమీద వేస్తే అటు ఎత్తు, ఇటు కాలవ. పందిరి కర్రలు మట్టి గట్టిగా ఉండగానే పాతాలి. తీగ ఎక్కాక, మట్టి బురదయ్యాక పాతిన కర్ర మొదటి గాలివానకే పడుతుంది. కలుపు విషయంలో మాత్రం ఓపిక పట్టండి. మొదటి వాన పడగానే విత్తనాలు చల్లెయ్యాలనిపిస్తుంది. ఆగండి. ఆ వానకి మట్టి పైపొరలో ఉన్న కలుపు గింజలన్నీ ఒక్కసారి మొలుస్తాయి. వారం పది రోజులకి రెండాకుల మీద ఉన్నప్పుడు, ఎండ కాస్త కాసిన పూట, పైపైన చెక్కెయ్యండి. లోతుగా తవ్వితే అడుగు గింజలు పైకొచ్చి మళ్ళీ మొదలు. చెక్కాక విత్తితే ఆ కాలమంతా కలుపు చేతితో లాగేసుకునేంతే ఉంటుంది.

వంగ మొక్కల సంగతి. పచ్చగా ఉన్న మొక్క ఒకట్రెండు రోజుల్లో వాలిపోతే, మందు కొట్టకముందు ఇది చెయ్యండి. మొక్క పీకి, మొదలుకి పైన జానెడు కాండం ముక్క కొయ్యండి. గాజుగ్లాసులో శుభ్రమైన నీళ్ళు పోసి, కాండం కింది కొస నీళ్ళలో మునిగేలా, కదలకుండా పట్టుకోండి. కాసేపట్లో కోసిన చోటు నుంచి పాలదారం లాంటిది సన్నగా కిందికి దిగితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. దానికి ఏ మందూ లేదు, ఎవరు ఏ సీసా చూపించినా కొనకండి. ఆ మొక్కల్ని వేళ్ళతో సహా తీసి తోట బయట పారెయ్యాలి, కంపోస్టులో వెయ్యకూడదు. ఆ మట్టి అంటిన పారతో పక్క మడి తవ్వకూడదు, కడగాలి. ఆ మడిలో కనీసం మూడేళ్ళు వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప వెయ్యకండి. నాలుగూ ఒకటే కుటుంబం, నాలుగింటికీ ఆ తెగులు వస్తుంది. మొక్కజొన్న, ఉల్లి, చిక్కుడు వేసుకోవచ్చు. మీకు మూడు మడులు చెప్పడంలో ఒక కారణం ఇది కూడా, ఒకదాన్ని వదిలేసినా రెండుంటాయి.

పాలదారం రాకపోతే కాండాన్ని నిలువునా చీల్చి చూడండి. లోపల గోధుమరంగు చారలుంటే శిలీంధ్రం తెగులు. వేళ్ళ మీద గడ్డలు గడ్డలుగా ఉబ్బుంటే నులిపురుగులు, అంటే మట్టిలో ఉండి వేళ్ళని పట్టే, కంటికి ఆనని సన్నటి పురుగులు. ఇవేవీ లేక వేళ్ళు నల్లబడి, తోలు జారిపోతూ, మురుగు వాసన వస్తే నీళ్ళు నిలిచి కుళ్ళడమే, ఎత్తు మడితో పోతుంది. నులిపురుగులైతే మాత్రం మీ పూల పేచీ మీరు గెలిచినట్టే. పొట్టి రకం బంతిని ఆ మడి నిండా ఒత్తుగా రెండు మూడు నెలలు పెంచి, తర్వాత అక్కడే మట్టిలో కలిపేస్తే ఆ పురుగులు బాగా తగ్గుతాయి. బంతి వేళ్ళలో వాటికి సరిపడని పదార్థం ఉంటుంది. మడికి ఒకట్రెండు మొక్కలు అలంకారంగా పెడితే ఆ పని జరగదు, మడి మొత్తం బంతే ఉండాలి.

తెగులున్న మడికి ఇంకో ఉపాయం ఎండలు నడుస్తుండగానే చెయ్యాలి. మట్టిని మెత్తగా చేసి, బాగా తడిపి, పల్చటి పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ నేలకి ఆనేలా పరచి, అంచులు మట్టిలో పూడ్చి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలెయ్యండి. కింద మట్టి కాగి కలుపు గింజలు, చాలా రకాల శిలీంధ్రాలు, పైపొరలోని నులిపురుగులు చస్తాయి. నల్ల షీట్ వద్దు, దాంతో వేడి మట్టిలోకి అంతగా దిగదు. లోతున దాక్కున్నవి మిగులుతాయి, కాబట్టి ఇది చేసినా పంట మార్పిడి తప్పదు.

వానాకాలం మధ్యలో రాత్రిపూట టార్చి పట్టుకుని ఒక రౌండు వెళ్ళండి, ఆకులు తినేది ఎవరో తెలుస్తుంది, మామూలుగా నత్తలే. ఏరి పారెయ్యడం కన్నా మంచి మందు లేదు. గ్లవ్స్ వేసుకోండి. వానలకి ముదురాకులు పసుపెక్కుతుంటే నత్రజని నీళ్ళతో కొట్టుకుపోయిందని, కాస్త బాగా చివికిన కంపోస్టు పైన వెయ్యండి. పచ్చిపేడ వద్దు. వేళ్ళు మాడటం ఒకటి, పచ్చిగా తినే ఆకుకూరలకి దగ్గరగా అది ఉండటం ఆరోగ్యానికీ మంచిది కాదు.

మూడో సంధి వాన పోయి చలి రావడం. దీంట్లో అందరూ ఆలస్యమవుతారు, ఎందుకంటే నారు ఇంకా వానలు పడుతుండగానే పొయ్యాలి. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారుకి నాలుగైదు వారాలు పడుతుంది. వానలు పూర్తిగా వెలిశాక పోస్తే చలికాలంలో మొదటి నెల ఊరికే పోతుంది. చూరు కిందో, పైన షీటు వేసిన బల్ల మీదో, వెలుతురు బాగా ఉండే చోట ట్రేలలో పొయ్యండి. విత్తనాన్ని దాని మందానికి రెండు మూడింతల లోతుకి మించి పెట్టకండి. ఒత్తుగా చల్లి, పొద్దునా సాయంత్రం తడిపితే మొలకలు నేల దగ్గర సన్నబడి, దారం తెగినట్టు పడిపోతాయి. అది నారుకుళ్ళు. వచ్చాక చేసేదేమీ లేదు, పల్చగా పోసి, పైమట్టి కాస్త ఆరాకే నీళ్ళు పెడితే రాదు.

క్యారెట్, ముల్లంగి, పాలకూర నేరుగా మడిలోనే. మట్టి ఇంకా వేడిగా ఉంటే పాలకూర మొలవదు, విత్తనం పాడైందనుకుని మళ్ళీ కొంటారు. ఓ పది రోజులు ఆగండి. క్యారెట్ మొలవడానికి వారం నుంచి మూడు వారాలు పట్టొచ్చు, ఆ రోజుల్లో పైపొర ఒక్కపూట ఆరినా మొలక చస్తుంది. విత్తాక తడిపిన గోనె పట్టా కప్పి, మూడో రోజు నుంచి రోజూ ఎత్తి చూసి, మొదటి మొలక కనిపించిన రోజే తీసెయ్యండి. ఒక్కసారే మడి నిండా విత్తకుండా రెండు వారాలకోసారి అరవరస వేసుకుంటే ఇద్దరికీ సరిపడా వస్తూనే ఉంటుంది. పోయినసారి పాలకూర పంచలేక పారేశామని రాశారు కదా.

చలికాలం తేలిక. పేనుబంక ఒక్కటే చూసుకోండి, లేత చిగుళ్ళ కింద గుంపులుగా చేరుతుంది. నీళ్ళు గట్టిగా చిమ్మితే సగం పోతుంది. పోనిదానికి లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి, తేనెటీగలు వెళ్ళిపోయిన సాయంత్రం కొట్టండి. కొట్టే ముందు ఆ గుంపు మధ్యలో నల్లగా, నారింజ మచ్చలతో, ఆరు కాళ్ళ మీద పాకే పొడుగాటి పురుగులున్నాయేమో చూడండి. అవి అక్షింతల పురుగు పిల్లలు, పేనుని తినడానికే వచ్చాయి. వాటి రూపు చూసి అవే తెగులనుకుని నలిపేస్తారు చాలామంది. అవి కనిపిస్తే ఓ వారం మందు మానుకోండి.

విత్తనం దాచుకునేదీ ఈ కాలంలోనే. హైబ్రిడ్ కాని మొక్కల నుంచే తీసుకోండి, హైబ్రిడ్ విత్తనం వేస్తే తల్లి లాంటి మొక్క రాదు. టమాటా గింజల్ని గుజ్జుతో గ్లాసులో రెండు మూడు రోజులు పులవనిచ్చి, కడిగి, నీడన ఆరబెడితే పైన జిగురుపొర పోతుంది. ఉల్లి విత్తనం ఏడాది రెండేళ్ళకే మొలక శక్తి పోగొట్టుకుంటుంది, టమాటా, సొర లాంటివి పొడిగా, చల్లగా ఉంచితే నాలుగేళ్ళైనా ఉంటాయి. పొట్లం మీద ఏడాది రాయండి.

కూరగాయలా పూలా అన్నదానికి నా తీర్పు. మూడు మడుల్లోనూ రెండు కొసలా రెండేసి అడుగులు పూలకి వదలమని మీవారికి చెప్పండి, మొత్తంలో మూడోవంతు. తేనెటీగలు రాని తోటలో దోస, గుమ్మడి కాపు ఎలా ఉంటుందో ఆయన ఒక ఏడాది చూస్తే ఇంకో మూడోవంతు కూడా ఇస్తారు. బంతి, జీనియా, తులసి పూతకి వదిలినవి, కొత్తిమీర నాలుగు మొక్కలు పూతకొచ్చినవి, ఇవన్నీ పురుగుల్ని తినే పురుగుల్ని కూడా పిలుస్తాయి. గులాబీ మాత్రం మడిలో పెట్టకండి, దానికి రోజువారీ సేవ వేరు. మీకు తీరికుంటే విడిగా పెద్ద కుండీలో పెంచుకోండి.

చివరగా నిమ్మ. రెండేళ్ళైనా పూత లేదు, కొత్త ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయన్నారు. గోడ నీడ మధ్యాహ్నం దాకా దాని మీదే ఉంటుందని మీరే రాశారు, రోజుకి ఆరు గంటల ఎండ లేని నిమ్మ సరిగా పూయదు. అంటు మొక్క కాకుండా గింజ మొక్కైతే ఇంకా కొన్నేళ్ళు పట్టడమూ మామూలే. అంటు మొక్కైతే, అంటు కట్టిన ముడికి కింద నుంచి వచ్చిన కొమ్మ ఏదైనా నిటారుగా, పెద్ద ముళ్ళతో ఎదుగుతోందేమో చూడండి. అది వేరుమొక్క (అంటు కట్టడానికి అడుగున వాడిన మొక్క) కొమ్మ, మంచి కొమ్మకి రావాల్సిన బలమంతా తినేస్తుంది, మొదలంటా తీసెయ్యాలి.

ఆకుల రంగు ఇనుము అందడం లేదని చెబుతోంది. మట్టిలో ఇనుము లేక కాదు, ఎక్కువసార్లు మట్టిలో సున్నం ఎక్కువై గానీ, వేళ్ళు నీళ్ళలో నాని గానీ అలా అవుతుంది. పాదు అంచున ఒక అడుగు లోతు తవ్వి చూడండి, మట్టి బురదగా ఉంటే నీళ్ళు తగ్గించడమే మందు. మీ పాదు కాండం చుట్టూ ఉంది, అది మార్చాలి. కాండానికి ఆనిన మట్టిని మొదటి వేళ్ళు కనిపించేదాకా తీసి, చుట్టూ అడుగున్నర దూరంలో గుండ్రంగా కాలవలా పాదు చెయ్యండి, కాండం దగ్గరి నేల ఆ కాలవకన్నా ఎత్తులోనే ఉండాలి. నీళ్ళు కాండాన్ని తడుపుతుంటే నిమ్మకి బంక కారే తెగులు వస్తుంది. మొక్కని ఎండలోకి మార్చాలనుకుంటే ఇప్పుడు వద్దు, మొదటి వానలు పడ్డాక, మబ్బు పట్టిన రోజున, చుట్టూ వీలైనంత మట్టిగడ్డతో ఎత్తండి. మార్చే ముందు నేలకి దగ్గరగా కాండం ఫోటో ఒకటి తీసి పెడితే, అంటు ముడి ఎక్కడుందో, ఏ కొమ్మ తియ్యాలో చూసి చెబుతాను.